అక్కకు ఇష్టమైనవి

ఎదురింటి అక్క పోయింది. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే వాళ్ళాయన గుమ్మంలో నిలబడి, "మా ఆవిడ లేవట్లేదమ్మా" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పిన మొదటి మాట, మొన్నటి రిపోర్టులో కొలెస్ట్రాల్ నార్మలే వచ్చిందని.

చిక్కడపల్లిలో ఒకే అంతస్తులో ఎదురెదురు వాటాల్లో ఏళ్ళ తరబడి ఉన్నాం. వాళ్ళది గోదావరి వైపు, మాది తెలంగాణ. ఆదివారం వచ్చిందంటే అక్క రాంనగర్ నుంచి చేపలు తెచ్చి పులుసు పెట్టేది. నూనె పైకి తేలేదాకా పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. "తొందరపడితే నీచు పోదే" అనేది. మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా పిల్లలకు వండిపెట్టింది ఆమే. ఆ పులుసు నాకు నేర్పిందీ ఆమే.

యాభై దగ్గర పడుతుండగా అక్కకు కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుందని తేలింది. ఇక వాళ్ళాయన పెత్తనం మొదలైంది. రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు, ఫోన్లో ఏది వస్తే అదే వేదం. నూనె డబ్బా బీరువాలోకి వెళ్ళింది. చేపలు బంద్, పల్లీలు బంద్, తాలింపు కూడా ఉత్త మూకుట్లోనే. ఆయన మాత్రం సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో నిలబడి మిర్చి బజ్జీలు తినేవాడు. మగవాళ్ళకు అరుగుతాయట.

నెలసరి ఆగిపోయే వయసూ అదే. అక్కకు నిద్ర పట్టకుండా పోయింది, తర్వాత మాట తగ్గింది, చివరికి తల దువ్వుకోవడం కూడా మానేసింది. ఒకసారి గట్టిగా అడిగితే, "ఏడుపొచ్చినా బాగుండునే. ఏమీ రావట్లేదు" అంది. నేనే అశోక్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ఇది డిప్రెషన్ అని చెప్పి మందులు రాసింది. వేపుళ్ళు తగ్గిస్తే చాలు, కొవ్వు మొత్తం మానేయమని ఎవరు చెప్పారు, చేపలు, పల్లీలు తినండి అంది. తిండి ఒక్కదానితో ఇది తగ్గదు, మందు మాత్రం మానొద్దని మరీ మరీ చెప్పింది.

ఇంటికి రాగానే వాళ్ళాయన ఆ మందులు చెత్తబుట్టలో వేశాడు. "కొలెస్ట్రాల్ తగ్గిందిగా, ఇంకా దేనికి ఏడుపు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "జర మనిషి దిక్కు చూడన్నా. గిట్లనే ఉంటే దక్కదు" అన్నాను. నా ఇంటి సంగతి నాకు తెలుసన్నాడు. అక్క వచ్చి చెత్తబుట్ట మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మేం పిట్టకు పెట్టడం అంటాం, వాళ్ళు చిన్నదినం అంటారు. ఆ రోజు డాబా మీద విస్తరి వేశారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ఆయన నూనె లేని పుల్కాలు, ఉడికించిన సొరకాయ ముక్కలు తెచ్చాడు. ఆవిడకు ఇష్టమైనవి ఇవేనా అని బంధువొకాయన అడిగాడు. "రోజూ ఇవే తినేదండీ" అన్నాడు, నిజంగానే నమ్మి.

ఎంతసేపు చూసినా కాకి దిగలేదు. నేను ఇంట్లోకి వెళ్ళి, ఆమె కోసం పొద్దున పెట్టిన చేపల పులుసు తెచ్చాను. ఆయన గిన్నె మూత తీసి చూశాడు. "నూనె తేలుతోందమ్మా. ఆవిడకు పడదు" అని మళ్ళీ మూత పెట్టేశాడు.

కాకి నీళ్ళ ట్యాంకు మీద కూర్చునే ఉంది. ఎండ ఎక్కేకొద్దీ విస్తట్లో పుల్కాలు అంచులు లేచి అప్పడాల్లా ఎండిపోతున్నాయి.