గ్యాసే కదా!

మా ఊరి బస్టాండు దగ్గర నా దుకాణంలో సోడాలు అమ్ముతాను, సలహాలు ఊరికే ఇస్తాను. ఎవరు రొమ్ము మీద చెయ్యి వేసుకున్నా "గ్యాస్" అని తేల్చేసి, సోడాలో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి ఇచ్చేవాణ్ణి. వాళ్లు బర్రున త్రేన్చితే నాకు డాక్టరు పట్టా వచ్చినంత సంబరం.

కిందటి ఎండాకాలం ఆ గ్యాస్ నాకే పట్టుకుంది. సోడా మీద సోడా తాగినా తగ్గలేదు. నా సరుకు నా మీదే పనిచెయ్యకపోవడం ఎంత అవమానం! ఎవరి కంటా పడకుండా వెనక సందులోంచి ప్రభుత్వ ఆసుపత్రికి పోయాను. డాక్టరు క్యాంపుకు వెళ్లాడట, నర్సమ్మ ఉంది.

"గ్యాస్ మాత్ర ఒకటియ్యమ్మా, పోతా."

"యాడ నొప్పి మామా? చేత్తో చూపియ్యి."

పిడికిలి బిగించి రొమ్ము నడుమ పెట్టాను.

"ఈ చెమటేంది?"

"ఎండ కదమ్మా."

"ఫ్యాను కింద ఎండేంది మామా?"

నా వైద్యం మీద ఆమెకు బొత్తిగా గౌరవం లేదని అర్థమైంది. మంచమెక్కించి, వైర్లు తగిలించి ఈసీజీ తీసింది. దాని ఫొటో డాక్టరుకు పంపి ఫోన్లో మాట్లాడింది. ఒక మాత్ర ఇచ్చి నమలమంది. 108కు ఫోన్ చేసింది. నేనేమో దుకాణానికి తాళం వెయ్యలేదని, గ్యాస్‌కు అంబులెన్సు ఎక్కితే ఊళ్లో తలెత్తుకోలేనని గొడవ.

"ఇది గ్యాసైతే రేపొచ్చి నన్ను తిట్టు మామా. కాకపోతే, తిట్టేదానికి నువ్వుండొద్దా?"

అప్పుడు భయమేసింది. అయినా బుద్ధి మారలేదు. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే పెద్ద త్రేన్పు వచ్చింది.

"చూసినావా! అంతా గ్యాసే!" అన్నాను గర్వంగా.

"మంచిది మామా, పడుకో" అని బెల్టు బిగించింది.

108లో మార్కాపురం తీసుకుపోయారు, అక్కడి నుంచి ఒంగోలు పంపారు. గుండె రక్తనాళం మూసుకుపోయిందని స్టెంటు వేశారు. అక్కడ మంచం మీద పడుకుంటే నా సోడాలు తాగి ఇళ్లకు పోయిన వాళ్లంతా గుర్తుకొచ్చారు. ఒక్కొక్కరినీ తలుచుకుని, బతికే ఉన్నాడు కదా అని చూసుకున్నాను.

మళ్లీ దుకాణం తెరిచిన కొద్ది రోజులకే, మిరప తోటకు పోతూ నా ఈడువాడొకడు ఆగాడు.

"బావా, గ్యాస్. ఒక సోడా కొట్టు."

అలవాటుగా సీసా అందుకున్నాను. కానీ నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"యాడ నొప్పి? చేత్తో చూపియ్యి."

వాడు పిడికిలి బిగించి రొమ్ము నడుమ పెట్టాడు.

తాళం సంగతి గుర్తే లేదు. దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి, వాడి చెయ్యి పట్టుకుని ఆటోను కేకేశాను.