మావ నూతిలో సముద్రం

పొద్దున్న కంచిలి నుంచి మావ పంపిన కొబ్బరికాయల బస్తా వచ్చింది. కొత్త తోట తొలికాపట. ముప్పై నిండనివాడు జ్ఞాపకాలు రాస్తే పెద్దలు నవ్వుతారని తెలుసు గానీ, బస్తా విప్పగానే పలాసలో కొత్తగా సైన్సు మాస్టారుగా చేరిన రోజులు గుర్తొచ్చాయి.

తుపానుకి పాత తోట పడిపోయాక మావ మళ్ళీ మొక్కలు నాటాడు. ఆ వేసవి అవి ఎండిపోతుంటే నుయ్యి తవ్వించాడు. సముద్రం అక్కడికి బాగా దూరం, అయినా ఇసుకలోంచి గుప్పెళ్ళకొద్దీ గవ్వలు, ఆల్చిప్పలు బయటపడ్డాయి. తవ్వేవాళ్ళు పలుగులు కింద పెట్టేసి, ఇది సముద్రం జాగా, ఉప్పునీరే పడుతుంది, కొబ్బరికాయ కొట్టి పూడ్చెయ్యమన్నారు. పూడిస్తే మొక్కలు పోతాయి. ఇంకోసారి నాటే ఓపిక మావకి లేదు. చదువుకున్నవాణ్ణని నాకు కబురు పెట్టారు. నూతి నీళ్ళు తాగడం తప్ప నూతుల గురించి నాకేమీ తెలియదు.

అత్త కళ్ళంలో ఆరబోసిన జీడిపిక్కలు చూపించి మొదలుపెట్టాను. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి ఎప్పుడూ ఒక్కలా ఉండదని, భూమి ఇరుసు వాలు కూడా కాస్త మారుతుందని, పైగా వేగం తగ్గిన బొంగరంలా తల ఊపుతుందని, ఇవన్నీ కలిసి ఉత్తరాన వేసవి ఎండ తగ్గితే, పాత పిక్కలు ఆరకముందే కొత్తవి పోసినట్టు, కరగని మంచు మీద మంచు పడి వేల ఏళ్ళకి కొండలవుతుందని, ఆ నీరు సముద్రానిదే గనక సముద్రం వెనక్కి పోతుందని, ఎండ ముదిరితే అదంతా కరిగి మళ్ళీ ముందుకొస్తుందని, ఈ గవ్వలు అలా ఎప్పుడో వచ్చినప్పటివై ఉంటాయని, ఆ తరవాత ఎన్ని వానలు ఈ ఇసుకలో ఉప్పును కడిగేశాయో అని, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అత్త పిక్కలు తిరగేసుకుంటూ, ఇంతకీ నీళ్ళు తియ్యగా ఉంటాయా లేదా అని అడిగింది. ఆ ఒక్కటీ నాకు తెలియదు.

మావ మాత్రం, "ఓసారొచ్చింది మళ్ళీ వత్తాది గదా అల్లుడా, ఎప్పుడొత్తాదేటి?" అన్నాడు.

వేల ఏళ్ళు పడుతుందన్నాను.

"అయితే ఈలోగా కాపొచ్చేత్తాది. తవ్వండర్రా," అన్నాడు పనివాళ్ళతో.

నీళ్ళు పడ్డాయి. మావ ముందు పుక్కిలించి ఉమ్మేసి, రెండోసారి మింగి, చెంబు అత్తకిచ్చాడు. తియ్యగానే ఉన్నాయి. అందరూ నా సైన్సును మెచ్చుకున్నారు. నేనూ అడ్డు చెప్పలేదు.

సముద్రం మళ్ళీ ఎప్పుడొస్తుందంటే ఇప్పుడు అంత దర్జాగా జవాబు చెప్పలేను. భూమి తన ఊగులాట తాను ఊగుతూనే ఉంది, దానికేం తొందర లేదు. మంచు కరిగించే పనిని మధ్యలో మన పొగలతో మనం అందుకున్నాం. తీరం ఊళ్ళలో కోతకు పోతున్న ఇసుక చూస్తుంటే, వేల ఏళ్ళనే మాట ఇంత త్వరగా పాతబడిపోయిందా అనిపిస్తుంది. మావ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నేను బస్తాలోంచి ఓ కాయ తీసి కొట్టాను, నీళ్ళు తియ్యగానే ఉన్నాయి.