డ్రెయిన్ అడుగున మిగిలింది

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వానాకాలం ముగుస్తున్న రోజుల్లో, ఒక నడివయసు ఆవిడ స్టీలు క్యారేజీ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. తొంభైల మధ్యకాలం అది. ఫ్యాక్టరీలు వదిలే నీళ్లను పరీక్షించే ప్రభుత్వ ల్యాబులో, రాజమండ్రిలో, నేను అనలిస్టుని. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపబోతే ఆవిడ వినిపించుకోలేదు. తిన్నగా ఇంజనీరుగారి గదిలోకి వెళ్లి, బల్ల మీది ఫైళ్లు పక్కకి జరిపి, క్యారేజీ మూత తీసింది. లోపల జెల్ల చేపల పులుసు.

"తినండి బాబూ. తిని చెప్పండి," అంది.

ఇంజనీరుగారు గుడ్డు కూడా ముట్టని మనిషి. అయినా కోప్పడలేదు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, "నేను తిననమ్మా. సంగతేంటో చెప్పండి," అన్నారు.

"చెప్తే అర్థమవదండి. నోట్లో పెట్టుకుంటే అవుద్ది. ఎవరో ఒకళ్లు తినండి."

ఏదో సంతకం కోసం నేను అప్పటికే ఆ గదిలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూశారు. ఆవిడా చూసింది. నేను చిన్న ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. మొదట చింతపండు పులుపు, కారం తగిలాయి. చక్కటి పులుసే అనుకునేలోపు గొంతు దగ్గర ఆసుపత్రి వాసన లేచింది. నేల తుడిచే ఫినాయిల్ వాసన. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది కాబట్టి ఉమ్మేయలేక మింగాను. ఆ వాసన మర్నాడు కాఫీ తాగేదాకా నన్ను వదల్లేదు.

ఆవిడది నరసాపురం వైపు, సముద్రంలో కలిసే ఒక మురుగు డ్రెయిన్ ఒడ్డునున్న చేపలవాళ్ల పేట. పొలాల్లో మిగిలిన నీళ్లు, ఊళ్ల మురుగు, పైన ఉన్న రసాయనాల ఫ్యాక్టరీ శుభ్రం చేసి వదిలే నీళ్లు అన్నీ ఆ డ్రెయిన్‌లోకే వస్తాయి. ఆవిడ భర్త అందులో వల వేసేవాడు. ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. కిందటి వేసవి నుంచి కొన్నవాళ్లు కూర గిన్నెతో సహా తెచ్చి తిట్టి పోతున్నారట.

"పచ్చి చేప వాసన చూస్తే ఏం తెలీదండి. పొయ్యి మీద పెడితేనే లేస్తంది. ఆ ఫేక్టరీవోళ్లు కిరసనాయిల్ కలిపి ఒదిలేస్తన్నారండి. మా పేటంతా అదే అంటంది."

అది కిరసనాయిల్ కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో పురుగుమందులకు ముడిసరుకు తయారవుతుంది. అందులో వాడేవాటిలో క్లోరిన్ కలిసిన ఫినాల్ జాతి పదార్థాలున్నాయి. చేప ఒంట్లో అవి కొంచెం చేరినా చాలు, వండితే వాసన వస్తుందని చదువుకున్నప్పుడు విన్నాను. విన్నదాన్ని రుచి చూడడం అదే మొదలు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. ఆ ఫ్యాక్టరీ నీళ్లను నేను నెలనెలా పరీక్షిస్తూనే ఉన్నాను. ప్రతి నెలా పాసవుతూనే ఉన్నాయి. రిపోర్టు కింద సంతకం నాదే.

మర్నాడే ఇంజనీరుగారితో కలిసి అక్కడికి వెళ్లాను. మేనేజరు మర్యాదస్తుడు. శుద్ధి చేసే తొట్లన్నీ దగ్గరుండి చూపించాడు. పెద్ద తొట్లలో గాలి కొడుతుంటే నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. ఆ నీళ్లలో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. మురికిని తినేస్తాయి. అవి తినగలిగినది పోతుంది. తినలేనిది కొంత నీళ్లతో డ్రెయిన్‌లోకి, కొంత తొట్టి అడుగున బురదలోకి చేరుతుంది. మేం పరీక్షించేది ముఖ్యంగా అవి తినగలిగే మురికి ఎంత మిగిలిందన్నది. తినలేనివాటి జాబితా మా రూల్సులో చాలా చిన్నది. ఈ పదార్థం అందులో లేదు.

"చూడండి మేడం, ఎంత తేటగా ఉన్నాయో," అని మేనేజరు గాజు గ్లాసుతో నీళ్లు పట్టి చూపించాడు. అబద్ధం కాదు. నిజంగానే తేటగా ఉన్నాయి.

పైపు మూతి దగ్గర నీళ్లతో పాటు, డ్రెయిన్ అడుగు బురద కూడా సీసాల్లోకి తీయించాను. ఇలాంటివాటిని పట్టుకునే మిషను అప్పట్లో మాకు లేదు. ఐసు పెట్టెలో సర్ది హైదరాబాదు పంపాం. జవాబు వచ్చేసరికి రెండో పంట, దాళ్వా నాట్లు కూడా పడిపోయాయి. నీళ్లలో ఆ పదార్థం ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు అన్నంత. బురదలో మాత్రం బాగా పేరుకుని ఉంది. ఎన్నో ఏళ్లుగా కొద్దికొద్దిగా వచ్చినదంతా అడుగున దిగి కూర్చుంది.

ఆ కాగితం చదివి ఇంజనీరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మన రూలు పైపు మూతి దగ్గర ఆగిపోతుందమ్మా. బురదకి లిమిటే లేదు. లిమిట్ లేనిదాన్ని దాటారని ఎవరి మీద రాస్తాం?" అన్నారు.

అయినా ఆయన ఊరుకోలేదు. నీళ్లు వదిలేముందు బొగ్గు ఫిల్టరులోంచి పోనివ్వాలనీ, తొట్టి బురదను ఎరువని చెప్పి రైతులకు పంచకూడదనీ, సిమెంటు నేల ఉన్న షెడ్డులో దాచాలనీ షరతులు రాశారు. ఫ్యాక్టరీవాళ్లు రేపూ మాపూ అంటూ ఏడాది దాటించి, చివరికి అవన్నీ చేశారు. ఆ మేరకు మంచే జరిగింది. ఇక కొత్తగా చేరేది దాదాపు ఆగిపోయింది.

ముందే చేరినదాని సంగతి మిగిలింది. డ్రెయిన్‌లో పూడిక తీస్తే అడుగునున్నదంతా లేచి నీళ్లలో కలుస్తుంది. తీసిన బురద గట్టు మీద పోస్తారు. గట్ల మీద జనం పాదులు పెట్టుకుంటారు. అందుకని, బురదను ఎక్కడికి తరలించాలో తేలేదాకా ఫ్యాక్టరీ కింది భాగంలో పూడిక తీయొద్దని నేను నోటు రాశాను. పై అధికారుల కమిటీ ఒప్పుకుంది. నాకు గర్వంగానే అనిపించింది.

ఎగువన, ఆ డ్రెయినే నీళ్లు లాగాల్సిన పల్లపు చేలు మా బాబాయివి. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. నోటు రాసేటప్పుడు ఆ చేలు నాకు గుర్తు రాలేదని అనను. పూడిక కింద కదా, ఎగువకి ఏమవుతుందిలే అనుకున్నాను. అలా అనుకోవడానికి డ్రెయిన్ల ఇంజనీర్లు కూడా అడ్డు చెప్పలేదు.

రెండేళ్లకి, వానాకాలం పంట, సార్వా వరి పొట్ట మీద ఉన్నప్పుడు, వానలు పట్టుకున్నాయి. కింద పూడికా గుర్రపుడెక్కా అడ్డుపడి డ్రెయిన్ కదల్లేదు. నీళ్లు వెనక్కి తన్ని చేల మీద నిలబడిపోయాయి. నేను వెళ్లేసరికి బాబాయి పంచె ఎగగట్టి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎదురుగా చేను లేదు. నీళ్లే. అక్కడక్కడ ఆకు కొసలు తేలుతున్నాయి.

"కింద పూడిక తీయొద్దని మీ ఆఫీసువోళ్లు రాశారంటన్నారు. నిజవేనా అమ్మాయ్?"

"నిజమే బాబాయ్."

"ఎవరు రాశారేంటి?"

"నేనే."

ఆయన నా వైపు తిరగలేదు. నీళ్లకేసే చూస్తూ, "ఆ బురదలో ఉన్నదేదో, అది ఎన్నాళ్లుంటది?" అని అడిగాడు.

"ఏళ్ల తరబడి ఉంటుంది. ఎన్నేళ్లో నాకూ తెలీదు."

"వరి ఎన్నాళ్లుంటది నీళ్లలో?"

నా జవాబు కోసం ఆగలేదు. ఆయనే అన్నాడు. "వారం. ఆ తరవాత కుళ్లిపోద్ది. నువ్వు రాసినప్పుడు ఇది కూడా రాయాల్సిందమ్మా."

ఇంటికొచ్చాక పిన్ని వడ్డిస్తుంటే ఎప్పటిలాగే తిని లేచాడు. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని.

నీళ్లు తీశాక మండలాఫీసులో మీటింగు పెట్టారు. ఒకవైపు రైతులు, ఒకవైపు చేపలవాళ్లు, మధ్యలో బల్ల దగ్గర మేము. పూడిక తీసి తీరాలని రైతులు, తీస్తే చేపలు మళ్లీ కంపు కొడతాయని పేటవాళ్లు. పులుసు తెచ్చిన ఆవిడ ముందు వరసలో నేల మీద కూర్చుంది. మా బాబాయి గోడకానుకుని నిలబడ్డాడు. వాళ్లిద్దరూ ఎరిగినవాళ్లే. వాసన గొడవ రాకముందు మా పిన్ని ఆవిడ దగ్గరే బొమ్మిడాయిలు కొనేది.

"ఒక్క ఏడాది పంట పోయిందంటన్నారు బాబుగారూ, మాకు ఏటా పోతంది," అంది ఆవిడ.

"మా పంటపోతే నీ చేప కొనేదెవరే?" అన్నాడు బాబాయి. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది.

ఆవిడ మా బల్ల వైపు తిరిగింది. "తియ్యండి. ఒద్దనట్లేదు. తీసి ఎక్కడ పోస్తారో అది చెప్పండి."

ఒక ఊరి సర్పంచి లేచి మా ఊళ్లో మాత్రం వద్దన్నాడు. ఇంకో సర్పంచి మా ఊళ్లో అసలే వద్దన్నాడు. ఫ్యాక్టరీ ఖర్చు పెట్టుకుని తరలించాలని ఎవరో అంటే, మేనేజరు నెమ్మదిగా లేచాడు. "మేం ఏ రోజూ లిమిట్ దాటలేదండి. గవర్నమెంటు రిపోర్టులే ఉన్నాయి," అన్నాడు. నా సంతకాలున్న రిపోర్టులు. అన్నీ నిజమైనవే, అన్నీ సరైన పరీక్షలే. అప్పుడు ఏ రూలుందో ఆ రూలు ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. బాబాయి నా వైపు చూశాడు. ఆవిడా చూసింది. మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

చివరికి సగం పని జరిగింది. సముద్రం వైపు ఉప్పు చౌడు నేలలో ప్రభుత్వం ఒక గొయ్యి తవ్వించి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిపించింది. ఫ్యాక్టరీ పైపు దగ్గరి చెడ్డ బురద పొక్లెయిన్లతో తీసి, లారీల్లో అక్కడికి చేర్చారు. వానలు ముంచుకొచ్చేసరికి, శాంక్షనైన డబ్బు కూడా అయిపోయేసరికి, మిగతా భాగం మామూలు టెండరు కిందికి పోయింది. మామూలు టెండరంటే తీసిన బురద గట్టు మీదికే. గట్ల మీద ఏమీ పండించరాదని బోర్డులు పాతారు. రెండు వానాకాలాలకి అక్షరాలు వెలిసిపోయాయి. గట్టు బురద నల్లగా, సారవంతంగా ఉండేది. దాని మీద ఆనపపాదులు బ్రహ్మాండంగా పాకాయి.

ఒకసారి శాంపిళ్లకి వెళ్లినప్పుడు ఆ పాదుల దగ్గర ఆవిడ కనిపించింది. భర్త నరసాపురంలో సముద్రం బోట్ల మీద పనికి వెళ్తున్నాడట. తను అక్కడి చేపే కొని అమ్ముతోందట.

"డ్రెయిన్ చేపకి వాసన పోయిందంటన్నారండి. నిజవేగానీ అమ్మటానికి నాకే చెయ్యి రాదు," అంది.

"ఈ ఆనపకాయలు తింటున్నారా?"

"తినక? తింటే ఏమవుద్దండి?" అని ఎదురడిగింది. ఏమవుతుందో చెప్పే పరీక్షా లేదు, ఇంతకన్నా ఎక్కువ ఉండకూడదనే లిమిటూ లేదు. తగ్గించి తినండి అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఆవిడ నవ్వి ఒక కాయ కోసి ఇవ్వబోయింది. తీసుకోలేదు. తీసుకోనందుకు ఆవిడ మొహం ఎలా అయిందో ఇప్పటికీ మర్చిపోలేను.

పూడిక తీశాక డ్రెయిన్ లాగింది గానీ, బాబాయికి పల్లపు చేల మీద నమ్మకం పోయింది. రెండు వేల సంవత్సరం దాటాక చుట్టుపక్కల అందరిలాగే ఆయనా వాటిని చేపల చెరువుకి లీజుకిచ్చాడు. లీజుదారుడు డ్రెయిన్ నీళ్లు తోడుకుంటానన్నాడు. కాలవ నీళ్లకి వంతు కాయాలి, డ్రెయిన్‌లో ఎప్పుడూ ఉంటాయి. బాబాయి బిస్లరీ సీసాలో నీళ్లు పట్టుకుని రాజమండ్రి వచ్చాడు. అప్పటికి మా ల్యాబుకి మిషను వచ్చింది. నేనే పరీక్షించాను. ఏమీ కనపడలేదు.

"నీళ్లలో ఏం లేదు బాబాయ్," అన్నాను.

"అయితే తోడుకోవచ్చా?"

"నీళ్లలో లేదన్నాను. ఆ ఏడు నీళ్లు వెనక్కి తన్నినప్పుడు కింది బురద ఎగువకీ చేరే ఉంటుంది. మోటారు తోడేటప్పుడు ఆ అడుగు బురద కూడా వస్తుంది. అది చెరువు అడుగున చేరుతుంది."

"నాకు అదంతా ఒద్దమ్మాయ్. అవునా, కాదా?"

రూలు ప్రకారం అవును. ఆ మాటే రాసి, సంతకం పెట్టి ఇవ్వాల్సిందాన్ని. "ఒద్దు బాబాయ్," అన్నాను. "కాలవ నీళ్లే పెట్టమను."

ఆయన ఎందుకని అడగలేదు. సీసాలో మిగిలిన నీళ్లు వాష్‌బేసిన్‌లో వొంపేసి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. లీజుదారుడు చాలా గొణిగి కాలవ నీళ్లకే ఒప్పుకున్నాడు. పక్క చెరువాయన డ్రెయిన్ నీళ్లు తోడుకున్నాడు. అతన్ని ఆపే రూలు మాకు లేదు. పంట పట్టినప్పుడు రెండు చెరువుల చేపలూ ఒకే లారీలో ఐసు కింద సర్దుకుని వెళ్లాయని బాబాయి ఫోనులో చెప్పాడు. ఎటు వెళ్లాయో ఆయనకీ తెలీదు.