తెగిన పోగు

నిన్న మా పిల్లలిద్దరినీ బెజవాడలో అన్నీ ముట్టుకుని చూడనిచ్చే మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడి మగ్గం దగ్గర గంజి వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి.

మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లూ, గుర్తుందా ఆ వాసన? మగ్గం మీద చెయ్యి వేస్తే చాలు, నాన్న గసిరేవాడు. "ముట్టుకోమాకే! ఈ నేత చేతికొచ్చిందంటే ఇక చదువెక్కదు. పో, పుస్తకం తియ్యి."

ఇంతలో మా చిన్నాడు పోగు లాగాడు. పుటుక్కున తెగింది.

"అతికించమ్మా. తాతయ్య నేసేవాడన్నావుగా!"

నాన్నయితే వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలూ ఇట్టే మెలేసేవాడు. నేనూ మెలేశాను. విడిపోయింది. మళ్లీ మెలేశాను. మళ్లీ విడిపోయింది.

"పర్లేదండీ, ఇక్కడ ఎవరైనా ముట్టుకోవచ్చు," అంది మ్యూజియం అమ్మాయి.

వాడింకా కొసలు పట్టుకుని నా వంకే చూస్తున్నాడు. నాన్న కోరుకున్నట్టే, నేత నా చేతికి రాలేదు.