ఆ రిపోర్టు చెయ్యనన్న ప్రవీణ

కర్మన్‌ఘాట్‌లో రామచంద్రం బిడ్డ ప్రవీణ అంటే చుట్టుపక్కల వాళ్లకి "కంప్యూటర్ల లెక్కలు చూసే పిల్ల". నిజానికి ఆమె పని లెక్కలు చూడటం కాదు. ఒక వ్యాపారంలో తలో మూల పడివున్న సమాచారాన్ని ఒకచోటికి చేర్చి, యజమాని అడిగిన ప్రశ్నకు దానిచేత జవాబు చెప్పించడం. కాలేజీ అయితే, ఏ బ్రాంచిలో పిల్లలు మధ్యలో మానేస్తున్నారు, ఏ సబ్జెక్టులో వెనకబడుతున్నారు, ఎందుకు? ఇలాంటివి. డేటాబేస్ కన్సల్టెంట్ అని కార్డు మీద అచ్చు వేయించుకుంది. ఆ మాట నోరు తిరగక తల్లి ఐలమ్మ, "మా పిల్ల సొంతంగ ఆఫీసు పెట్టుకున్నది" అని చెప్పి ఊరుకునేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల ఇరుకు మెట్లెక్కి, ఫ్యాను కింద కుర్చీ కోసం పోటీపడి నేర్చుకున్న చదువు అది. హైటెక్ సిటీలో కొన్నేళ్లు ఉద్యోగం చేసింది. ఒకనాడు అక్కడి మేనేజరు, "క్లయింట్ ముందు కొంచెం మంచి తెలుగు మాట్లాడండి" అన్నాడు.

"క్లయింటుకు నా తెలుగు సమజైంది సార్. మీకే కాలే" అని ఆ నెలాఖరుకి రాజీనామా ఇచ్చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక మేడ మీద గది తీసుకుంది.

ఆమెను నమ్మి మొదటి పని ఇచ్చినవాడు త్రినాథరావు. భీమవరం నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఎల్‌బీ నగర్‌లోనూ జూనియర్ కాలేజీలు పెట్టిన మనిషి. అంత పని ఒక్క ఆడపిల్లకి అప్పగిస్తావా అని సొంత తమ్ముడు సణిగినా వినలేదు. ఆ గౌరవం ప్రవీణకు ఆయన మీద ఎప్పుడూ ఉండేది.

2011లో వానలు వెనకబట్టే వేళకి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టెంటు లేచింది. ప్రవీణ పని ముగించుకుని పోయి అందులో కూర్చునేది, మైకు ఇస్తే మాట్లాడేది. నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడింది, నడిరోడ్డు మీద వండిన అన్నం తిన్నది. ఇదంతా త్రినాథరావుకి తెలుసు.

"ఏమ్మా, తెలంగాణ వచ్చేస్తే మమ్మల్ని ఉండనిస్తారా?" అనేవాడు నవ్వుతూ.

"మీరు పోతే నాకు పనెవరిస్తరు సార్?" అని ఆమె కూడా నవ్వేది.

సమ్మె ముదిరేకొద్దీ ఆ నవ్వులు పోయాయి. బంద్ రోజుల్లో ఆయన ముందు షట్టర్ దించి, వెనక గేటు నుంచి పిల్లల్ని పంపి క్లాసులు నడిపించాలని చూశాడు. లెక్చరర్లు చాలామంది రాలేదు. ఎవరో వచ్చి కిటికీ అద్దాలు పగలగొట్టి పోయారు. మర్నాడే ప్రవీణకు పిలుపు వచ్చింది.

"బంద్ రోజుల్లో ఎవరెవరు రాలేదో తియ్యి. ఎవరిది ఏ జిల్లానో పక్కన వెయ్యి. ఇటువైపు వాళ్లు ఒకపక్క, అటువైపు వాళ్లు ఒకపక్క. సాయంత్రానికి కావాలి" అన్నాడు త్రినాథరావు.

"ఎందుకు సార్?"

"ఎందుకేంటి? నా దగ్గర పనిచేస్తూ నా అద్దాలు పగలగొట్టించేది ఎవరో నాకు తెలియొద్దా?"

"అద్దాలు పలగ్గొట్టినోళ్లు వేరే, డ్యూటీకి రానోళ్లు వేరే. మనిషి రాలేదని మాత్రమే కంప్యూటర్ల ఉంటది. ఎందుకు రాలేదో ఉండది. సొంత జిల్లా అసలే లేదు. ఎక్కడ చదివిండ్రో గదే ఉన్నది."

"ఇంటిపేర్లున్నాయిగా. చదివిన ఊళ్లున్నాయిగా. వాటినిబట్టి చెయ్యి."

ప్రవీణ లాప్‌టాప్ మూసింది. "నేను చెయ్య సార్."

"ఏమన్నావ్?"

"చెయ్య అంటున్న. పిల్లలు ఎందుకు మానేస్తున్నరో అడుగుండ్రి, ఎంత కష్టమైనా తీసి చెప్త. మనుషులను ఊరు చూసి ఏరుడు నాతోని కాదు."

"డేటా నాది. నిన్ను పనిలో పెట్టుకుంది నేను."

"డేటా మీదే. పాస్‌వర్డులన్నీ అప్పజెప్పి పోత, ఒక్క అక్షరం తుడిపెయ్య. గా రిపోర్టు మాత్రం నా చేతినుంచి రాదు."

త్రినాథరావు ముఖం ఎర్రబడింది. "ఉద్యమం తలకెక్కింది నీకు. రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఎక్కింది సార్. ఎక్కకపోయినా గిదే చెప్తుంటి" అని లేచింది ప్రవీణ. ఏ ప్రోగ్రాం ఎక్కడుందో, ఏది ఎట్లా నడపాలో అన్నీ ఆయన తమ్ముడికి చూపించి, అన్నీ అందినట్టు అతని చేత సంతకం పెట్టించుకునే మెట్లు దిగింది.

ఈ సంగతి టెంటుకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. టెంటు బాధ్యతలు చూసే దశరథ మైకులో ఆమె పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. తర్వాత పక్కకి పిలిచాడు.

"చెల్లె, గా కాలేజీల పనిచేసే ఆంధ్రోళ్ల ఇండ్లు ఎక్కడెక్కడున్నయో నీకెరుకే గద. జర చెప్పు. కొట్టం, తిట్టం. ఇంటి ముంగట కూసుంటం, గంతే."

ప్రవీణ అతని వంక నమ్మలేనట్టు చూసింది. "అన్నా, ఆయన అడిగిందే నువ్వడుగుతున్నవ్."

"ఆయనా మనం ఒకటేనా?"

"ఉద్యమానికి నా గొంతిస్త, నా కాళ్లిస్త. ఇంకొకరి ఇల్లు ఎట్లిస్త? తెలంగాణ ఒచ్చినంక గూడ గా ఇండ్లు గాడనే ఉంటయి."

దశరథ మొహం ముడుచుకున్నాడు. ఆ తర్వాత ఆమెకు మైకు ఇవ్వలేదు. అయినా ఆమె టెంటుకి పోవడం మానలేదు. వెనక వరసలో కూర్చుని, ముందున్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నినాదాలిచ్చేది.

రామచంద్రానికి మాత్రం గుబులు పట్టుకుంది. "అటు ఆయనతోని లొల్లి, ఇటు వీళ్లతోని లొల్లి. నీకు పనెవరిస్తరు బిడ్డా?"

"ఎవరో ఒకరిస్తరు బాపూ. ఇయ్యకుంటె పిల్లలకు నేర్పుకుంట బతుకుత."

త్రినాథరావు తమ్ముడు ఇంకొకతన్ని తీసుకొచ్చాడు. అతను అడిగినట్టే రిపోర్టు చేసిచ్చాడు. సమ్మె విరమించి బస్సులు తిరగడం మొదలయ్యాక, కొందరు లెక్చరర్ల చేతికి నోటీసులు వచ్చాయి. ఆందోళనల్లో పాల్గొన్నందుకు ఉద్యోగం నుంచి తీసేస్తున్నామని వాటి సారాంశం.

ఆ ఆదివారం పొద్దున్నే ఒక పెద్దావిడ కర్మన్‌ఘాట్‌లో ప్రవీణ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు శేషారత్నం. చంపాపేట్‌లో ఉంటుంది, ఎల్‌బీ నగర్ బ్రాంచిలో ఫిజిక్స్ చెబుతుంది.

"ఏమ్మా ప్రవీణా, ఇది నువ్వు చేసిందేనా?" అంటూ నోటీసు ముందు పెట్టింది. "నేను పుట్టింది గుడివాడలో. బస్సుల్లేక, ఈ మోకాళ్లతో నడవలేక ఇంట్లో కూర్చున్నాను. నేను తెలంగాణ ఉద్యమకారిణినట!"

"నేను చెయ్యనన్న మేడం. అందుకే నన్ను పొమ్మన్నరు. మీరు ఎక్కడ చదివిండ్రు?"

"ఎమ్మెస్సీ వరంగల్‌లో. అప్పట్లో మా వారికి అక్కడ ఉద్యోగం."

"గదే. చదివిన ఊరు చూసి మిమ్ముల తెలంగాణ దిక్కు పడేసిండ్రు."

శేషారత్నానికి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "అయితే నేను పొరపాటున పడ్డాను. మిగతావాళ్లో?"

"మిగతావాళ్లను కావాలనే పడేసిండ్రు మేడం."

ఆవిడ నోటీసు మడిచి సంచిలో పెట్టుకుంది. "రేపు నువ్వూ రా. నాకు తోడుగా."

మర్నాడు ఎల్‌బీ నగర్ బ్రాంచిలో నోటీసులందుకున్న వాళ్లంతా గుమిగూడారు. శేషారత్నాన్ని చూడగానే త్రినాథరావు కుర్చీలోంచి లేచాడు.

"అయ్యో, మీకెలా పంపారు మేడం! మీరు మనవాళ్లు. ఇలా ఇవ్వండి, చింపేస్తాను."

"గుడివాడలో పుడితే మీ మనిషినైపోతానా?" అంది శేషారత్నం. "నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఎవరు ఎవరివాళ్లో నేనెప్పుడూ అడగలేదండీ. చింపితే అందరివీ చింపండి. లేదంటే నాదీ ఉంచండి, వీళ్లతోపాటు గేటు బయట నిలబడతాను."

త్రినాథరావు చూపు ప్రవీణ మీద పడింది. "నువ్వెందుకొచ్చావు?"

"మేడం తోడు రమ్మన్నరు. ఒక్కటే అడుగుత సార్. గా బంద్ దినాల మీ తమ్ముడు గూడ కాలేజీకి రాలే. ఆయనకు నోటీసు పోయిందా?"

త్రినాథరావు తలుపు చూపించాడు. వాళ్లు బయటికి వచ్చి గేటు దగ్గరే నిలబడ్డారు. మధ్యాహ్నానికి లోపల పాఠాలు చెబుతున్నవాళ్లు కూడా వచ్చి కలిశారు. అందులో కృష్ణా జిల్లావాళ్లున్నారు, నల్లగొండవాళ్లున్నారు. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడుతున్నాయి. తల్లిదండ్రులు ఆఫీసు గదిలోకి వచ్చి అరవడం మొదలయ్యాక, ఆ వారంలోనే నోటీసులన్నీ వెనక్కి తీసుకున్నారు. క్షమించమని ఎవరూ అనలేదు. కెమిస్ట్రీ చెప్పే అభిలాష్ అనే కుర్రాడు మాత్రం, "పొమ్మన్న ఇంటికి మళ్లెట్ల పోత?" అని తిరిగి వెళ్లలేదు.

ప్రవీణనూ ఎవరూ వెనక్కి పిలవలేదు. ఆ ఏడాది పని పలచగానే నడిచింది. తర్వాత చంపాపేట్‌లో ఒక దవాఖాన వాళ్లు పిలిచారు, వాళ్లను చూసి ఇంకొకరు. ప్రతి ఒప్పందంలోనూ ఆమె ఒక షరతు రాసేది: మనుషులను ఊరు, కులం, మతం చూసి ఏరే రిపోర్టు చేయబడదు. అది చదివి లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

2014లో రాష్ట్రం వచ్చిన నాడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో గొంతు పోయేదాకా అరిచి, కాళ్లు నొప్పి పుట్టేదాకా ఆడింది. ఆ గొంతు ఇంకా పూర్తిగా రాకముందే ఒక కొత్త యజమాని ఆమె ఆఫీసుకి వచ్చాడు. ఇక్కడివాడే. షరతు చదివి నవ్వాడు.

"గిదేంది చెల్లె? మనోళ్లెవరో బయటోళ్లెవరో చూసుకోవద్దా? ఇప్పుడు రాజ్యం మనది గద!"

"మనదే అన్నా. దానికోసం రోడ్డు మీద కూసున్న" అంది ప్రవీణ బొంగురు గొంతుతో. "గందుకే చెయ్య."