నూట ఎనిమిది జతల నడుమ ఒక మనిషి

జూలై నెల మూడో సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. కుందుర్పి వైపు పోయే రోడ్డు పక్కన వేరుశనగ రైతుల సంఘం కార్యాలయం. వరండాలోని ఉష్ణమాపకం ముప్పై ఏడు డిగ్రీలు చూపుతోంది. ఆకాశంలో మబ్బు ఉంది, వాన లేదు. పడమటి గాలికి గోదాము ముందున్న కాయపొట్టు లేచి కిటికీల్లోంచి లోపలికి వస్తోంది. ఆ కిటికీలు మూయించి, లైట్లు ఆర్పించి, నేను గీసిన పటాన్ని సున్నం కొట్టిన గోడ మీద ప్రొజెక్టరుతో చూపించింది సరిగ్గా ఆ సమయానికే. ఆ పటం చూశాక కార్యాలయంలో అటెండరుగా ఉన్న ఒక మనిషిని ఉంచాలా, తీసివేయాలా అన్నది తేలవలసి ఉంది.

నేను గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విరమించినవాణ్ణి. మనుషులు చెప్పే కారణాలు సాయంత్రానికి మారిపోతాయి. తేదీలు, అంకెలు మారవు. ఉద్యోగంలో చివరి మూడేళ్లు మనుషుల మధ్య సంబంధాలను పటంగా గీసే విద్య ఒకటి నేర్చుకున్నాను. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చుక్క. ఇద్దరి మధ్య పని మాటలు నడుస్తూ ఉంటే ఆ రెండు చుక్కలకు మధ్య ఒక గీత. ఎవరి మీదుగా ఎక్కువమంది మాటలు దాటుతాయో ఆ చుక్కను కంప్యూటరు పెద్దది చేసి, ఎర్రరంగు వేసి చూపిస్తుంది. రంగు నా ఎంపిక కాదు.

ఈ విద్య సంగతి విని సంఘం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. అంతకు రెండు వారాల ముందు, జూన్ చివరి గురువారం సాయంత్రం, ఆ చుట్టుపక్కల మంచి వాన పడింది. మరునాటి ఉదయమే విత్తనకాయల లారీ సిద్ధంగా ఉందని, హమాలీలను పంపమని లెక్కల గదికి ఫోను వచ్చింది. ఆ మాట పదిహేను అడుగుల దూరంలో ఉన్న గోదాముకు చేరలేదు. విత్తనం రైతుల చేతికి అందింది మంగళవారం. ఎర్రనేలలో విత్తే పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. అప్పటికి నేల పైపొర గట్టిపడింది. నాలుగు ఊళ్ల రైతులు వచ్చి అధ్యక్షుణ్ణి మధ్యాహ్నం దాకా గదిలోంచి బయటికి రానివ్వలేదు.

"మాట యాడ ఆగిపోయిందో నాకు గీసి చూపించు సార్," అన్నాడు అధ్యక్షుడు. "రైతులు నాకు ఎనిమిది దినాలు గడువు ఇచ్చినారు. తప్పు ఎవరిదో చెప్పకపోతే ఆఫీసుకు తాళం ఏస్తారంట."

"నేను తప్పు గీయను. గీతలు మాత్రమే గీస్తాను," అన్నాను.

"గీతలే గీయి సార్. మిగిలింది మేము చూసుకుంటాము."

కార్యాలయంలో పనిచేసేవారు ఇరవై ఇద్దరు. లెక్కల గదిలో తొమ్మిదిమంది, గోదాములో పన్నెండుమంది, రెండింటికీ చెందని అటెండరు ఒకామె. ఒక్కొక్కరినీ వేరుగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను: గడచిన నెలలో పని విషయమై ఎవరెవరితో మాట్లాడారు? మూడు రోజులు పట్టింది.

లెక్కల గది పెద్దగుమాస్తా తన గదిలోని ఎనిమిదిమంది పేర్లూ, అటెండరు పేరూ చెప్పి ఊరుకున్నాడు. "గోదాము పెద్దతో?" అని అడిగాను.

"యాయప్ప?" అన్నాడు, అలాంటివాడు భూమి మీదే లేనట్టు.

గోదాము పెద్దను అడిగితే ఆయన ఇంకా తేలికగా తేల్చాడు. "మా గోడకవతల గది ఉండాదని కూడా నాకు తెలీదు సార్."

ఇద్దరూ వరసకు బావా బావమరుదులు. ఆరేళ్ల కిందట ఒక పెళ్లిలో మొదటి బంతిలో కూర్చున్న గోదాము పెద్దను, పెద్దవాళ్లు వచ్చారని లేపి రెండో బంతికి పంపారు. లేపింది పెద్దగుమాస్తా. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటలు లేవు. మా సీమలో మాటలు లేకపోవడం అంటే వ్యవహారం లేకపోవడం కాదు. ఎదురెదురుగా కూర్చుని మూడో మనిషి ద్వారా మాట్లాడతారు. "బిల్లు పంపమని ఆయప్పకు చెప్పు" అని ఒకరు అంటారు. రెండోవాడు ఆ మాట చెవులారా విని కూడా, మూడో మనిషి మళ్లీ చెప్పేదాకా కదలడు. పెద్దల పంతాన్ని కిందివాళ్లు కూడా పాటించాలి. పాటించకపోతే పక్షం మారినట్టు. ఆరేళ్లుగా ఆ మూడో మనిషి పని చేస్తున్నది అటెండరే. భర్త లేడు. సంఘంలో బంధువులు లేరు. ఏటేటా కాగితం పొడిగిస్తే ఉండే ఉద్యోగం.

ఆమెను చివరన అడిగాను. ప్రశ్న విని ఆమె నన్నే ఎదురు అడిగింది.

"నేను మాట్లాడినోళ్లను చెప్పాల్నా సార్, నా నోటితో మాట్లాడించుకున్నోళ్లను చెప్పాల్నా?"

"అందరినీ చెప్పు."

పదిహేడుమంది పేర్లు చెప్పింది. ఆమె అడిగిన తేడా నా పటంలో పట్టదు. నా గీతలకు దిశ లేదు.

"ఆ శుక్రవారం నువ్వు ఎక్కడున్నావు?"

"గుత్తిలో. మాయమ్మ చచ్చిపోయింది గదా సార్. మట్టికి పోయింటి. ఆదివారం మూడోనాటి చిన్నదినం చేసుకొని సోమవారం వచ్చినా. ఈడికి వచ్చి చూస్తే లారీ సంగతి ఎవురూ ఎవురికీ చెప్పల్యా. నేనే పోయి చెప్పినా."

మొత్తం గీతలు అరవై ఒకటి వచ్చాయి. లెక్కల గదిలో వాళ్లలో వాళ్లకు ఇరవై, గోదాములో వాళ్లలో వాళ్లకు ఇరవై నాలుగు, అటెండరువి పదిహేడు. ఆ గది నుంచి ఈ గోదాముకు నేరుగా పోయే గీత ఒక్కటీ లేదు. అటు తొమ్మిదిమందిని ఇటు పన్నెండుమందితో జత కలిపితే నూట ఎనిమిది జతలు. ఈ సంఖ్యకు ఎవరూ పవిత్రత అంటగట్టనక్కరలేదు; తొమ్మిదిని పన్నెండుతో హెచ్చిస్తే అంతే వస్తుంది. ఆ నూట ఎనిమిది జతలలో ఏ జత మధ్య మాట నడవాలన్నా ఆమె మీదుగానే నడవాలి.

సోమవారం గోడ మీద పటం పడగానే గదిలో నవ్వు లేచింది. ఎడమవైపు చిన్న చిన్న చుక్కల గుంపు, కుడివైపు చిన్న చిన్న చుక్కల గుంపు, నడుమ జొన్నరొట్టె అంత ఎర్రటి చుక్క.

"ఏమప్పా, ప్రెసిడెంటు చుక్క యాడుండాది?" అన్నాడు వెనక నుంచి ఒక హమాలీ.

"ఆయమ్మ కింద నలిగిపోయింటుంది చూడు," అన్నాడు ఇంకొకడు.

అధ్యక్షుడు నవ్వలేదు. ఆయన చుక్క పటంలో లేదు. ఆయన సిబ్బంది కాదు గనుక నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ సంగతి చెప్పాను. ఆయన ముఖం ఇంకా బిగుసుకుంది.

ఆమె తలుపు దగ్గర టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఎర్రచుక్క తనేనని ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరూ తిరిగి ఆమె వైపే చూశారు.

నేను అంకెలు చదివి వినిపించాను. తరువాత ఒక మీట నొక్కి ఎర్రచుక్కను పటంలోంచి తీసివేశాను. రెండు గుంపులూ విడిపోయి గోడకు చెరో అంచుకు జరిగాయి. నడుమ సున్నం కనిపించింది.

"ఈమె లేని మూడు రోజులూ మీ కార్యాలయం ఇలా ఉంది," అన్నాను. "మాట ఇక్కడ ఆగింది. ఆమె దగ్గర కాదు. ఆమె లేనిచోట."

అధ్యక్షుడు లేచి గోడ దగ్గరికి నడిచాడు. బొమ్మ వెలుతురు ఆయన చొక్కా మీద పడింది.

"చూసినారా? ఒక్క ఆడమనిషి ఇంత ఆఫీసును రెండు ముక్కలు చేసి, నడుమ కూర్చోనుండాది. ఎవురి మాటయినా ఆయమ్మ చేతి కిందనే పోవాల. తాను లేకపోతే పని జరగకుండా పెట్టుకున్నాది."

"ముక్కలు ఆమె చేయలేదు. ముక్కలు ముందే ఉన్నాయి," అన్నాను. రెండోసారి కూడా అదే వాక్యం అన్నాను.

"సార్, లెక్క నువ్వు చెప్పినావు. చాలు. తీర్పు మాది."

అప్పుడు ఆ ఇరవై ఒకరిలో ఎవరైనా ఒక్క ముక్క చెప్పవచ్చు. మాకు మాటలు లేవు, అందుకని ఆమెను వాడుకున్నామని. కానీ ఆమె అవసరం ఉందని ఒప్పుకుంటే, ఎదుటివాడి అవసరం ఉందని ఒప్పుకున్నట్టే. ఆరేళ్ల పంతం అక్కడ ఓడిపోతుంది.

పెద్దగుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "పోయేదుంటే చెప్పి పోవాల గదా. ఫోను వస్తుందని తెలీదా?"

"మాయమ్మ చచ్చిపోయేది నాకు ముందే తెల్సునా అన్నా?" అంది ఆమె.

"నోరు చూడు," అన్నాడు గోదాము పెద్ద, గోడ వైపు చూస్తూ. "ఇద్దురి నడుమ చిచ్చు పెట్టేది ఈ నోరే."

"ఎవురి నడుమన్నా? మీకు మాటలే లేవు గదా, నేను యాడ పెట్టేది చిచ్చు?"

హమాలీలలో ఒకడు ఫక్కున నవ్వి, పెద్ద వైపు చూసి ఆపుకున్నాడు.

అధ్యక్షుడు తెలివైనవాడు. రేపు ఎవరూ తనను అనకుండా చేతులెత్తమన్నాడు. ఆమె ఉద్యోగం తీసివేయడానికి సమ్మతించేవారు చేయి ఎత్తాలి. ఇద్దరు పెద్దలూ కదలలేదు. వారు కదలకపోతే వెనక ఉన్నవారు కదలరు. సంఘంలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: ఏ విషయంలోనైనా వీరిలో ఒకరు ముందు చేయెత్తితే రెండోవారు ఎత్తరు. అందువల్ల ముందు ఎత్తి, ఎదుటివాడు ఎత్తక, పరువు పోగొట్టుకోవడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు. నిమిషం గడిచింది. ఆమె ఉద్యోగం నిలుస్తుందేమోనని నాకు తోచింది. ఆ అంచనాకు ఆధారమేదీ నా దగ్గర లేదు.

గోదాము పెద్ద తల తిప్పకుండా ఆమెను పిలిచాడు.

"ఏమ్మే. ఆయప్ప ఎత్తుతాడేమో అడుగు."

పెద్దగుమాస్తా ఆయనకు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. విన్నాడు. విననట్టే ఉన్నాడు.

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. అడగదని అనుకున్నాను. కానీ ఆరేళ్ల అలవాటు ఆమె మెడను అటు తిప్పింది.

"ఏమన్నా, నువ్వు చెయ్యి ఎత్తుతావా అని అడుగుతాండాడు."

"ఆయప్ప ఎత్తితే ఎత్తుతానని చెప్పు."

ఆమె ఇటు తిరిగింది. "నువ్వెత్తితే ఎత్తుతాడంటన్నా."

"ఇద్దరం ఒకేసారి అని చెప్పు."

"ఒకేసారంటన్నా."

"సరే అని చెప్పు."

"సరేనంటన్నా," అంది. కొంగు సర్దుకుని గోడకు ఆనుకుంది.

రెండు చేతులూ ఒకేసారి లేచాయి. ఆరేళ్లలో ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదేనని పక్కవాడెవరో అన్నాడు. వెనక వరసల్లో ఒక్కొక్కటే చేతులు లేచాయి. చీకట్లో కనిపించడం లేదని లైట్లు వేయించారు. నాది ఏ పక్షమూ కాదు గనుక లెక్క నన్నే పెట్టమన్నారు. ముందు ఎడమ నుంచి కుడికి, తరువాత కుడి నుంచి ఎడమకు, రెండుసార్లు లెక్కపెట్టాను.

హాజరైన సిబ్బంది, ఆమె కాక, ఇరవై ఒకరు. ఎత్తిన చేతులు ఇరవై ఒకటి.