బ్లాగులో నేను అక్కనైన వైనం

ఆ రోజుల్లో మేం ఢిల్లీ మయూర్ విహార్‌లో ఉండేవాళ్ళం. నాది కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మీద నోట్లు రాసే ఉద్యోగం. పగలంతా ఆఫీసు ఇంగ్లీషు రాసి రాసి, నాలో ఒక మహాకవి ఊపిరాడక కొట్టుకుంటున్నాడని నాకు గట్టి నమ్మకం ఏర్పడింది. ఇంటికి ఇంటర్నెట్ రాగానే ఆయన్ని బయటికి వదిలాను.

ఎవరైనా ఉచితంగా బ్లాగు తెరుచుకుని తెలుగులో రాసుకునే సైటు ఒకటి ఉండేది. ఎవరు కొత్త టపా రాసినా దాని శీర్షిక మొదటి పేజీలో అన్నిటికంటే పైన కనిపించేది. ఇంకొకరు రాయగానే మనది కిందికి జారేది. నేను కవిత పెట్టిన కాసేపటికే ఎవరో క్రికెట్ గురించీ, ఇంకెవరో మోకాళ్ళ నొప్పుల గురించీ రాసి నా కవితను పేజీ అడుక్కి తోసేసేవారు. నేను దాన్ని తీసేసి మళ్ళీ పెట్టేవాణ్ణి. మళ్ళీ పైకొచ్చేది. ఒక ఆదివారమంతా ఇలా తీస్తూ పెడుతూ గడిపితే ఎవరో పెద్దాయన వ్యాఖ్య రాశారు: "ఈ కవిత పొద్దుటినుంచీ నన్ను వెంటాడుతోంది." మెచ్చుకోలనుకుని ధన్యవాదాలు చెప్పాను.

అంతటితో ఆగలేదు. కనిపించిన ప్రతి బ్లాగుకీ వెళ్ళి, "చక్కగా రాశారు. వీలుంటే నా బ్లాగు కూడా చూడండి" అని రాసేవాణ్ణి. వాళ్ళు రాసింది చదవాలని తోచేది కాదు. ఒకాయన వాళ్ళ తాతగారు పోయిన సంగతి రాసుకుంటే దాని కిందా అదే రాశాను. ఆయన మర్యాదస్తుడు, చూస్తానన్నాడు.

బ్లాగు పక్కన ఎంతమంది వచ్చారో చూపించే అంకె ఒకటి ఉండేది. అది రోజూ పెరుగుతుంటే నా ఛాతీ కూడా పెరిగేది. ఒక సాయంత్రం మా అమ్మాయి నా భుజం మీదుగా చూసింది. ఇంట్లో మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల.

"పాపా, పేజ్ ఖోల్‌తే హీ నంబర్ బఢ్ జాతా హై. యే సబ్ ఆప్ హీ హో!" అంది. పేజీ తెరవగానే అంకె పెరుగుతోందట, అవన్నీ నేనేనట.

"అన్నీ నేను కాదమ్మా," అన్నాను. "రెండో మూడో వేరేవాళ్ళవి ఉంటాయి."

ఆ చలికాలం మా ఆవిడ తమ్ముడి పెళ్ళికని అమ్మాయిని తీసుకుని ఊరెళ్ళింది. నేను ఇడ్లీ పిండి రుబ్బించుకుని పెట్టుకుంటే, ఢిల్లీ చలికి అది పులవలేదు సరికదా, ఉన్న గాలి కూడా పోయి గిన్నె అడుగున ముద్దలా కూర్చుంది. ఫోన్ చేశాను.

"గిన్నెని అలా చలికి వదిలేస్తే ఎలా పులుస్తుందండీ? రజాయి కప్పండి," అంది మా ఆవిడ.

"ఇంట్లో ఉతికి ఆరింది ఒక్కటే. అది నేను కప్పుకోవాలి."

"అయితే పక్కన పడుకోబెట్టుకోండి. మీ కవిత్వం మాత్రం వినిపించకండి, పిండి విరిగిపోతుంది."

ఆమె చెప్పినట్టే చేశాను. పిండి బ్రహ్మాండంగా పొంగింది. ఆ రోజు కవిత తట్టక, ఏదో ఒకటి పెట్టాలి కదా అని ఆ సంగతే రాసి పడేశాను. వ్యాఖ్యలు వరదలా వచ్చాయి. అన్నీ ఒకే పిలుపుతో మొదలయ్యాయి. "అక్కా, హాస్టల్లో రజాయి లేదు, స్వెట్టర్ చాలా?" "అక్కా, మినప్పప్పు ఎంతసేపు నానాలి?"

నా కలం పేరు ఒక పువ్వు పేరు. సుకుమారంగా ఉంటుందని పెట్టుకున్నాను. ఆ పువ్వూ ఈ ఇడ్లీ పిండీ కలిసి నన్ను ఆడమనిషిని చేసేశాయి. మర్నాడే "పాఠకులకు ఒక వివరణ" అని టపా రాసి, నేను మగవాణ్ణనీ, కవిననీ విన్నవించుకున్నాను. దాన్ని ఎవరూ తెరవలేదు. తెరిచిన ఒక్కడూ చదవకుండా, "అక్కా, మెంతులు వెయ్యాలా?" అని అడిగాడు. ఆపైన నేను విరహం మీద కవిత రాసినా, "బాగుంది అక్కా, కొబ్బరి చట్నీ ఎప్పుడు?" అనేవారు.

చలి తగ్గాక, కరోల్ బాగ్‌లో గదులు అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదువుకుంటున్న కొందరు తెలుగు కుర్రాళ్ళు నన్ను కలవాలని రాశారు. పాఠకుల సమావేశం! కుర్తా ఇస్త్రీ చేయించాను. కవితలన్నీ ప్రింటు తీయించి సంచిలో పెట్టుకున్నాను. ఊరినుంచి తిరిగొచ్చిన మా ఆవిడ ఆ సంచీ బరువు చూసి, "పాపం, పిల్లలు," అంది.

చెప్పిన పార్కులో చెప్పిన బెంచీ దగ్గరికి వెళ్ళేసరికి ఐదారుగురు నిలబడి గేటు వైపే చూస్తున్నారు. నేను చిరునవ్వుతో బెంచీ మీద కూర్చున్నాను.

కళ్ళజోడు అబ్బాయి ఒకడు వచ్చి, "అంకుల్, కొంచెం పక్క బెంచీకి వెళ్తారా? ఒక అక్క రావాల," అన్నాడు. సీమ యాస.

"నేనే బాబూ."

"మీరు అక్క వాళ్ళాయనా?"

"కాదు. నేనే ఆ అక్కని."

వెనకనుంచి ఒకడు మెల్లిగా, "అరె, గిఫ్ట్ ఎట్లరా?" అన్నాడు. అందరూ కలిసి అక్కకోసం లేత గులాబీ రంగు శాలువా కొన్నారట, అంచున తీగలూ పువ్వులూ కుట్టింది. తిరిగి తీసుకోడానికి వాళ్ళకీ మొహమాటం, వద్దనడానికి నాకూ మొహమాటం. చివరికి దాన్ని నాకే కప్పి చప్పట్లు కొట్టారు. అక్కడ పల్లీలు అమ్ముతున్న భయ్యా కూడా కొట్టాడు.

శాలువా కప్పించుకున్నాక కవి ఆగుతాడా? సంచి విప్పి పొడుగాటి కవిత ఒకటి చదివాను. ముగించి తలెత్తేసరికి అందరూ గడ్డి పీకుతున్నారు. ఇందాక గిఫ్ట్ మాటెత్తిన వరంగల్ అబ్బాయే చివరికి నోరు విప్పాడు.

"మంచిగనే ఉంది సార్. గని మధ్యల నాకు సమజ్ కాలే."

"ఎక్కడినుంచి?" అని ఆశగా అడిగాను.

"ఫస్ట్ లైన్ కాడికెల్లి."

కోపం రావాలి. రాలేదు. అన్నాళ్ళూ నా కవిత గురించి ఒక్క నిజమైన మాట కోసం ఇంటర్నెట్ అంతా తిరిగాను, అది ఈ గడ్డిలో కూర్చుని దొరికింది. కాగితం వాడి చేతికిచ్చి, అర్థమైన చోట గీత పెట్టమన్నాను. వాడు పరీక్ష పేపరు దిద్దినట్టు శ్రద్ధగా చదివి, ఆఫీసునుంచి వచ్చే బస్సులో కిటికీ పక్కన నిద్రపోతున్న మనిషి గురించి రాసిన నాలుగు పాదాల కింద మాత్రం గీత పెట్టాడు. "ఇది మా నాయన లెక్కనే ఉంది సార్," అన్నాడు. తరవాత, "ఇంకా ఉన్నయా?" అని అడిగాడు. భయంతో అడిగాడని ఇంటికెళ్ళాక గానీ తట్టలేదు. అప్పటికి ఇంకో మూడు చదివేశాను.

ఆ వచ్చే ఆదివారం వాళ్ళందర్నీ భోజనానికి పిలిచాను. తలుపు తీసిన మా ఆవిడను చూడగానే వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. వాళ్ళు అనుకున్న అక్క అచ్చం అలాగే ఉందట. వంటింటి గుమ్మంలో మూగి, నన్ను అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆమెను అడిగారు. నేను వడ్డన చూసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక గీత పెట్టిన ఆ నాలుగు పాదాలే బ్లాగులో పెట్టాను. అది పేజీలో కిందికి జారిపోతుంటే ఈసారి ముట్టుకోలేదు. రెండు రోజులకు ఒక వ్యాఖ్య వచ్చింది, ఎవరో తెలియని మనిషి నుంచి: "నేనూ ఇలాగే నిద్రపోతానండీ, నా స్టాపు కూడా దాటిపోతుంటుంది." దాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె కూర తరుగుతూ విని, "ఇది నాకూ అర్థమైంది," అంది.